పులిసిన గంజి వాసన

రోజుకు మూడుసార్లు అడిగేవాళ్లు. పొద్దున రక్తం తీశాక ఒకసారి, మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒకసారి, సాయంత్రం టీవీ కట్టేసే ముందు ఒకసారి. ప్రశ్న మారదు. "ఏమైనా తేడాగా ఉందా?" జవాబూ మారదు. "ఏమీ లేదు మేడం." ఆ తర్వాత కాగితం మీద సంతకం.

ఆ జవాబు మాకెవరూ రాసివ్వలేదు. మందుల ప్రయోగాలకు ఒళ్లు అప్పగించే మాలాంటివాళ్లం ఒకరికొకరం నేర్పుకున్నాం. తల తిరుగుతోందంటే ఇంటికి పంపేస్తారు. వాంతయిందంటే పేరు పక్కన గుర్తు పెడతారు, తర్వాతి ప్రయోగానికి ఫోను రాదు. అందుకే కొత్తగా వచ్చినవాడికి పాతవాడు చెప్పే మొదటి పాఠం ఇది: "సచ్చేదాంక సస్తున్నమని చెప్పొద్దు." నాకు దీన్ని నేర్పినవాడు ఆలేరు యాదగిరి. ఆరేళ్ల కిందట, ఇద్దరికీ పక్కపక్క మంచాలు పడ్డప్పుడు.

నా పేరు ఎలిగేటి మొండయ్య. మాది సిరిసిల్ల. ఏడో తరగతిలో బడి వదిలి సాంచెల మీదికెక్కాను. మరమగ్గాలను మేం సాంచెలంటాం. ఇరవై ఏడేళ్లు నేసినందుకు సగం చెవులు పోయాయి. ఆ తర్వాత సాంచెలూ పోయాయి. నలభై ఏళ్లు దాటిన నేతగాణ్ణి ఎవరు పిలుస్తారు? పిలిచింది ఈ సెంటర్లే. ఇంట్లో మా ఆవిడ కళావతికి మాత్రం పట్నంలో మందుల కంపెనీలో ప్యాకింగు పని అని చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు. మందు డబ్బాలో కాకుండా నాలో ప్యాకవుతోంది, అంతే.

ఈసారి పిలిచిన సెంటరు ఔటర్ రింగు రోడ్డు దాటాక ఉంది. నాలుగంతస్తుల మేడ, గోడకు ఏ బోర్డూ లేదు. బోర్డు లేని చోటును నేను నమ్మను. ఉన్న చోటునూ నమ్మను, అది వేరే సంగతి. గేటు దగ్గర సంచి వెతికి, ఫోను లాక్కుని, వేలిముద్ర వేయించి, నంబరున్న పచ్చ చొక్కా ఇచ్చారు. ఇరవై నాలుగు మందిమి. నాది పదిహేడు. పదిహేడు పేజీల ఒప్పంద పత్రాన్ని కెమెరా ముందు కూర్చోబెట్టి తెలుగులోనే చదివి వినిపించారు. అర్థమైందా అన్నారు. అర్థమైందన్నాం. ఏ పేజీలో అర్థమైందో ఎవరూ అడగరు.

మందు ముక్కులో వేసే చుక్కలు. మంచం అంచు మీదుగా తల కిందికి వేలాడేసి పడుకుంటే ఒక్కో ముక్కులో అయిదేసి చుక్కలు వేసి, పది నిమిషాలు కదలొద్దనేవాళ్లు. కళ్ల వెనకాల ఏదో చల్లగా పాకి, అక్కడే గూడు కట్టుకున్నట్టుండేది.

చుక్కలు వేయడానికి డాక్టర్ నాగవేణి స్వయంగా వచ్చేది. ఈ ప్రయోగానికి పెద్ద ఆవిడే. మిగతా డాక్టర్ల కళ్లు గడియారం మీద ఉంటాయి. ఈవిడ కళ్లు మా ముఖాల మీద ఉండేవి. అక్కడే నాకు మొదటి అనుమానం. డాక్టరు రోగం లేనివాడి ముఖంలోకి చూస్తోందంటే అక్కడేదో వెతుక్కుంటోందని అర్థం.

"కొన్ని జ్వరాల తర్వాత కొందరికి వాసన పోతుంది," అని చెప్పింది మొదటిరోజు. "ముక్కు లోపల వాసన పట్టే కణాలుంటాయి. రెండు నెలలకో పంటలాగా అవి రాలి కొత్తవి మొలుస్తాయి. ఈ చుక్కలు ఆ మొలకలకు ఎరువు. బాగున్న ముక్కులో వేస్తే ఏమవుతుందో చూడాలి. కొత్త వాసన ఏది తెలిసినా చెప్పండి, ఎంత చిన్నదైనా సరే. చెబితే ఎవరినీ ఇంటికి పంపించను."

చివరి మాటతో మా అందరికీ అనుమానం ఖాయమైంది. పక్క మంచం నుంచి యాదగిరి నావైపు వంగాడు.

"చూసినవా మొండన్నా, గాలం," అన్నాడు.

నాలుగోరోజు పొద్దున లేచేసరికి లోకం మారిపోయింది. ఎట్లా చెప్పాలి? సాంచెల షెడ్డులో ఇరవై ఏడేళ్లు ఉన్నవాణ్ణి హఠాత్తుగా బయటికి తెచ్చి నిలబెడితే ఆకు కదిలిన చప్పుడు కూడా వినిపిస్తుంది చూడండి, అట్లా అయింది ముక్కుకు. రక్తం తీసే సిస్టరు రాత్రి చేపలు తిన్నది, పొద్దున ఇంట్లో పసిపిల్లను ఎత్తుకుని దించి వచ్చింది. దుప్పటి ఉతికిన నీళ్లలో ఎక్కడో తుప్పు ఉంది. గోడ రంగు కింద పాత రంగు, దాని కింద సున్నం. ఎవరు ఏ కుళాయి తిప్పారో ఇనుము మీద చేతివాసన పట్టి చెప్పగలను.

"ఏమైనా తేడాగా ఉందా మొండయ్య గారూ?"

"ఏమీ లేదు మేడం."

"కొత్త వాసనలేమైనా?"

"మీరు అగరొత్తి ముట్టిచ్చినా నాకు తెల్వదు మేడం. పాత పడిశం మనిషిని." అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ పడిశం అన్న మాట రాసుకుంటుందేమోనని చూశాను. రాసుకోలేదు. నా ముఖంలోకి చూసింది, అంతే.

యాదగిరిని అడిగాను. "నీకేమన్న వాసనలొస్తున్నయా?"

"లేదన్నా. నీకు?"

"లేదు."

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. వాడు అబద్ధమాడుతున్నాడని నాకు తెలిసింది. నేనాడుతున్నానని వాడికీ తెలిసింది. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

ఆరోనాటి మధ్యాహ్నం కోడిగుడ్డు పులుసు పెట్టారు. సెంటరులో పళ్లెం ఊడ్చి తినాలి. తిన్న తర్వాత ఒకడొచ్చి మెతుకు మిగిలిందా అని చూస్తాడు. పళ్లేలు ముందుకొచ్చాయి. ఒక్క చేయీ ముద్ద కలపలేదు. ఉల్లిగడ్డ కోసిన కత్తి నిన్న దేన్ని కోసిందో, నూనె ఎన్నిసార్లు మాడిందో, వంటవాడి వేలికి కట్టిన గుడ్డ ఎన్నాళ్లదో ఇరవై నాలుగు మందికీ తెలిసిపోయింది. ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఒకడు ఎడమచేత్తో ముక్కు మూసుకుని ముద్ద మింగాడు. పక్కవాడూ మూసుకున్నాడు. కాసేపటికి హాలు హాలంతా ముక్కు పట్టుకుని తింటోంది.

అద్దం అవతల నుంచి చూస్తున్న డాక్టర్ నాగవేణి లోపలికొచ్చింది.

"అందరూ ముక్కెందుకు మూసుకున్నారు?"

అందరం యాదగిరిని చూశాం. జలుబు అనడానికి లేదు, అదీ రాసుకుంటారు.

"అలవాటు మేడం," అన్నాడు యాదగిరి. "మా దిక్కు గిట్లనే తింటరు."

"అందరూనా?"

"అందరం మేడం."

ఆవిడ నావైపు తిరిగింది. "సిరిసిల్లలో కూడానా?"

"మా దిక్కు ఇంకింత ఎక్కువ మేడం," అన్నాను.

హాల్లో ఎవడో కిసుక్కుమన్నాడు. ఆవిడ నవ్వలేదు. ఆ నిమిషంలో ఆవిడ ముఖంలో నాకు కనిపించింది కోపమనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది బతిమాలడం. అప్పుడు తెలియలేదు. బతిమాలే డాక్టరును అంతకుముందు చూసి ఉంటేగా.

పద్దెనిమిదో నంబరు మంచం జనగామ సాంబయ్యది. ఆటో నడిపే మనిషి, యాభై దాటి ఉంటాడు, మాట తక్కువ. ఎనిమిదోరోజు నుంచి ఆయన దగ్గర నాకొక వాసన రావడం మొదలైంది. చెమట కాదు, నోటిది కాదు. పులిసిన గంజి. నేతపని తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. గంజి పెట్టిన పడుగు నూలు వానాకాలంలో సరిగా ఆరకపోతే లోలోపల పులుస్తుంది. పైకి నూలు మల్లెపూవులా ఉంటుంది. సాంచె మీదికెక్కాకే పుటుక్కున తెగుతుంది. పాత నేతగాడు మాత్రం నూలు చుట్టిన కండెను ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది పనికిరాదని పక్కన పడేస్తాడు.

నేను పక్కన పడేయలేదు. చెప్పనూ లేదు. సాంబయ్యతో చెబితే ఆయన మేడంతో చెబుతాడు, మేడం నా పేరు పక్కన రాస్తుంది. యాదగిరి మాత్రం మంచానికి గాలి తగలడం లేదని అడిగి హాలు ఆ చివరికి మార్పించుకున్నాడు.

పద్నాలుగో రోజు మమ్మల్ని వదిలారు. గేటు దగ్గర సాంబయ్య నా భుజం తట్టి, "మళ్ల కలుద్దాం తమ్మీ," అన్నాడు. నేను ఊపిరి బిగబట్టి తలూపాను.

*

ఇంటికి చేరేసరికి కళావతి గడపలో కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టి దారం కట్టడం. మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఈ వాసనే. ఆమె చీరలో, జుట్టులో, చేతి ముద్దలో అదే. దగ్గరికి వెళ్లి సంచి దించాను.

తంబాకు కింద పులిసిన గంజి.

నా తెలివిని చూడండి. మొట్టమొదట అటక మీద అనుమానపడ్డాను. సాంచెలు అమ్మినప్పుడు మిగిలిన నూలు కండెలు అక్కడ పడేశాను, అవే తడిసి ఉంటాయనుకున్నాను. ఆ పూటే అటకెక్కి ఒక్కటి మిగలకుండా దించి కాలువ గట్టున పారబోశాను.

"అవేం జేసినయయ్యా నిన్ను?" అంది కళావతి. "పట్నం పోయచ్చినంక మొగోళ్లు బట్టలు దెస్తరు. నువ్వు ఇంట్లయి పారబోస్తున్నవ్."

"కంపు కొడుతున్నయి."

"నాకైతే అస్తలేదు."

వాసన పోలేదు. అటక మీద లేదు, బావి గట్టున లేదు. ఆమె ఎక్కడుంటే అక్కడుంది. నేను చాప తెచ్చి అరుగు మీద వేసుకున్నాను. అన్నం పెట్టడానికి వంగితే ముఖం తిప్పుకునేవాణ్ణి. నాలుగు రోజులు చూసి ఆమె రోజుకు రెండుసార్లు సబ్బు పెట్టి స్నానం చేయడం మొదలుపెట్టింది. తలకు షాంపూ పెట్టింది. చేతివేళ్లు ఎర్రబారేదాకా రుద్దుకుంది. నేను ముఖం తిప్పుకోవడం మానలేదు.

"ఎవతె ఉన్నది పట్నంల?" అని అడిగింది ఒక పొద్దున, దారం పళ్లతో తెంపుతూ. మామూలుగా అడిగింది, ఉప్పు సరిపోయిందా అన్నట్టు.

"ఎవ్వల్లేరే."

"మరి ఇరవై ఏండ్ల సంది లేని తంబాకు కంపు ఇయ్యాల అచ్చిందా నాకు?"

"ఏం లేదన్న గద."

"నీ ఏం లేదు నాకెరుకే," అంది.

సెంటరు నుంచి వారానికోసారి ఫోను వచ్చేది. తేడాగా ఉందా అనేవాళ్లు. ఏమీ లేదనేవాణ్ణి. కళావతి వింటోందని పెరట్లోకి వెళ్లి మాట్లాడేవాణ్ణి. దాంతో ఆమె అనుమానం రాయి మీద రాతయింది.

అయిదు వారాలకు యాదగిరి ఫోను చేశాడు.

"సాంబన్న పోయిండు," అన్నాడు.

"ఏడికి?"

"ఏడికి పోతడన్నా. సచ్చిపోయిండు. కడుపునొప్పని దవాఖానకు పోతే క్లోమంల గడ్డన్నరంట. పదకొండో దినం పోయిండు."

"మందుతోనా?" అన్నాను.

"కాదంట. ఏడాది సంది లోపట పెరుగుతున్నదంట. నొప్పి తెలిసేటాళ్లకు చెయ్యిదాటిపోతదంట గది."

వాడి వెనకాల ఎక్కడో బస్సు హారను కొడుతోంది.

"మొండన్నా," అన్నాడు చివరికి. "ఆయన దగ్గర నీకు ఏం వాసనొచ్చింది?"

"పులిసిన గంజి. నీకు?"

"నాకు గంజి సంగతి ఏడ తెలుసు. నానబెట్టిన తోలు లెక్క వచ్చింది."

"మరి చెప్పలేదేందిరా?"

"నువ్వు చెప్పినవా?"

ఫోను పెట్టేశాను. గడపలో కళావతి తల వంచుకుని ఆకు కత్తిరిస్తోంది. గాలి ఇటు తిరిగింది.

*

మరుసటి రోజే కళావతిని మా ఊరి దవాఖానకు తీసుకెళ్లాను. ఒళ్లంతా చూపిద్దామంటే ఆమె రాదు, నా మోకాళ్ల నొప్పికి తోడు రమ్మని అబద్ధం చెప్పి తీసుకెళ్లాను. డాక్టరు ముందు కూర్చోబెట్టాక అసలు సంగతి బయటపడింది.

"ఏమ్మా, ఏంటి బాధ?" అన్నాడు డాక్టరు.

"ఏం లేదు సార్. ఈయన గుంజుకచ్చిండు."

పొట్ట నొక్కాడు. "ఇక్కడ నొప్పి?"

"లేదు సార్."

"కడుపు లోపల గడ్డ ఉన్నది సార్, క్లోమంల," అన్నాను. "నాకు వాసన వస్తున్నది."

ఆయన నావైపు తిరిగాడు. ఎన్నాళ్ల నుంచి తాగుతున్నావని అడిగాడు. గ్యాసు గోలీలు రాసి, అవి ఎవరికో చెప్పకుండా కాగితం ఇద్దరి మధ్యా పెట్టాడు.

ఆ సాయంత్రం నాకింకో సంగతి తెలిసింది. తునికాకు వాసన కాస్త పలచబడింది. పక్కింటి వంట ఏమిటో వెంటనే చెప్పలేకపోయాను. రెండు నెలలకో పంట అంది ఆవిడ. నా ముక్కులో కోతలు మొదలయ్యాయి. ఉన్నదంతా రాలకముందే ఎవరో ఒకరు నన్ను నమ్మాలి. నేను జన్మలో ఎవర్నీ నమ్మలేదు. ఇప్పుడు ఎవరి కాళ్లు పట్టుకుని నన్ను నమ్మమనాలి?

సెంటరు గేటు దగ్గర రెండు గంటలు నిలబెట్టాక లోపలికి పంపారు. డాక్టర్ నాగవేణి గదిలో అట్టపెట్టెలున్నాయి. ప్రయోగం మూసేశారట, కాగితాలు సర్దుతోంది. నేను చెప్పిందంతా నిలబడే వింది. సాంబయ్య పేరు రాగానే కూర్చుంది. అప్పటికి ఆవిడకు ఆ చావు సంగతి తెలుసు. వాసన సంగతి తెలియదు.

లేచి ఒక పెట్టెలోంచి ఫైలు తీసి నా ముందు పడేసింది.

"మీ సంతకాలు చూసుకోండి. ఇరవై నాలుగు మంది, పద్నాలుగు రోజులు, రోజుకు మూడుసార్లు. వెయ్యీ ఎనిమిదిసార్లు అడిగాను మొండయ్య గారూ. దేవుడికి పూజ చేసినట్టు. వెయ్యీ ఎనిమిదిసార్లు ఏమీ లేదన్నారు. మీరు ముక్కు మూసుకుని తినడం నేను కళ్లారా చూశాను. నేను చూసింది లెక్కలోకి రాదు, మీరు చెప్పిందే వస్తుంది. మందు పనిచేయలేదని రాసి మూసేశారు."

"చెప్తే పంపుతరు గద మేడం."

"పంపనన్నాను."

"అందరు అట్లనే అంటరు."

"అంటారు," అంది. "పోయినేడు ఇదే మేడలో కాళ్లు వాచాయన్నవాణ్ణి పంపేశారు. పంపింది నేను కాదు. కానీ పంపారు."

"సాంబన్న... అప్పుడు చెప్తే బతుకుతుండెనా?"

"తెలియదు. అది తెలుసుకునే వీలు కూడా మనకు లేకుండా పోయింది. ఆయనది తీసేస్తే మీ ఇరవై మూడు ముక్కులకు తెలిసిన సంగతి నాకొక్కదానికే తెలియలేదు."

ఫైలు మూసి ఒక తెల్లకాగితం ముందుకు జరిపింది. "మీ ఆవిడను పెద్దాసుపత్రిలో స్కానుకు పంపాలంటే నేను కారణం రాయాలి. కారణం మీ ముక్కు. మీ ముక్కుకు ఏదైనా తెలిసినట్టు ఇందులో ఎక్కడా లేదు. మీరు చెప్పిన నలభై రెండు జవాబులూ అబద్ధమని మీ చేత్తో రాయండి. ఏ రోజు ఏ వాసన వచ్చిందో రాయండి. కానీ ముందే చెబుతున్నా. ఇది రాస్తే మీ పేరు అన్ని సెంటర్లూ చూసే జాబితాలోకి పోతుంది. ఇక ఎక్కడా మంచం ఎక్కలేరు. దాన్ని ఆపడం నా చేతుల్లో లేదు."

"ఇండ్ల మీకేం లాభం మేడం?"

"చాలా ఉంది," అంది, కళ్లు దించకుండా. "మందు బతుకుతుంది. తొమ్మిదేళ్ల నా పని బతుకుతుంది."

అప్పుడు నాకు ఆవిడ మీద సగం నమ్మకం కలిగింది. నాకేం లాభం లేదయ్యా అన్న డాక్టరైతే అక్కడే లేచి వచ్చేసేవాణ్ణి.

బయటికి వచ్చి యాదగిరికి ఫోను చేశాను. ఒక్కడు రాస్తే పిచ్చోడంటారు, ఇద్దరం రాస్తే నమ్ముతారు, రమ్మన్నాను. "నాకు బిడ్డ కాలేజీ ఉన్నదన్నా," అన్నాడు. "నీది నువ్వు రాస్కో. నా పేరు ఎత్తకు." నేను ఎత్తలేదు. వెనక్కి వెళ్లి ఏడో తరగతి చేతిరాతతో మూడు పేజీలు రాశాను. జీవితంలో అంత నిజం ఒక్కచోట ఎప్పుడూ రాయలేదు. చదివితే నాకే నమ్మబుద్ధి కాలేదు.

*

మిగిలింది కళావతి. ఆమెకు ఆరేళ్ల సంగతీ చెప్పాను. ప్యాకింగు లేదు, కంపెనీ లేదు, పట్నంలో ఎవతా లేదు, ఉన్నది ఒక మంచం, ఒక నంబరని. చేతి నరాల మీద సూది మచ్చలు చూపించాను. దోమకాట్లని ఇన్నాళ్లూ నమ్మింది. లేదా నమ్మినట్టు ఊరుకుంది.

చాట పక్కన పెట్టి చాలాసేపు నా చేతినే చూసింది.

"ఇప్పుడు నన్ను గూడ తోల్కపోతున్నవా వాళ్లకాడికి?" అంది. "నీ ఒళ్లు అయిపోయిందని నా ఒళ్లు ఇస్తానన్నవా?"

ఆమె చోట ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. అందుకే మాటలు వదిలి ముక్కునే నమ్ముకున్నాను.

"నెల రోజుల సంది నువ్వు పొద్దుమాపు సరిగ తింటలేవు," అన్నాను. "పళ్లెంల అన్నం గోడవతల సత్తెమ్మ బర్రెకు ఏస్తున్నవ్. దాని కుడితి తొట్లె నీ చింతపులుసు వాసనున్నది. నడుముకు కర్పూరం నూనె రాస్కుంటున్నవ్, నాకు తెల్వకుండ పొద్దున్నే కడుగుతున్నవ్. మొన్న మంగళారం బావి ఎనక కక్కుకున్నవ్. మీద బూడిద పోసినవ్."

ఆమె కొంగు లాగి నడుముకు చుట్టుకుంది.

"మరి డాక్టరు అడిగితే ఏం లేదంటివి?"

"నొప్పన్నంక పండుకోమంటరు," అంది నెమ్మదిగా. "పండుకుంటే నా పని ఇంకొకదానికిస్తరు. మల్లా ఇయ్యరు. ఏం లేదంటే ఏం లేదు, నడుస్తది."

నాకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఆరేళ్లు పట్నం వెళ్లి నేర్చుకున్న పాఠం మా గడపలోనే ఉంది.

పెద్దాసుపత్రిలో స్కాను తీశారు. క్లోమం తోక దగ్గర శనగగింజంత మచ్చ ఉందన్నారు. ఇంత చిన్నగా ఉన్నప్పుడు పట్టుబడటం తాము చూడలేదని ముగ్గురు డాక్టర్లు మూడుసార్లు అన్నారు. మూడుసార్లు అన్నందుకే నాకు మళ్లీ అనుమానం. నల్లకాగితం మీద తెల్లచుక్క. అది ఎవరి కడుపుదో నాకేం తెలుసు? మందు గెలవాలంటే ఒక గడ్డ దొరకాలి. దొరికింది. సర్కారు కార్డు మీద ఆపరేషను చేశారు. అయ్యాక గడ్డ చూపించమని పట్టుబట్టాను. సీసాలో తెచ్చి చూపించారు. మూత తీయమన్నాను. నర్సు విసుక్కుంటూ తీసింది. ముక్కు పెట్టాను. ఘాటైన మందు వాసన కళ్లలో నీళ్లు తెప్పించింది. దాని కింద ఏముందో దొరకలేదు.

అదే రోజు వార్డులోకి వెళ్లి కళావతి పక్కన కూర్చున్నాను. తంబాకు వాసన మామూలుగా ఉంది, అందరికీ వచ్చేంత. గంజి లేదు.

గడ్డ పోయి వాసన పోయిందా, ముక్కు పోయి వాసన పోయిందా? ఆ రెండూ ఒకే వారంలో పోయాయి.

*

నాలుగు నెలలకు సెంటరులో ప్రయోగం మళ్లీ తెరిచారు. నేను రాసిన మూడు పేజీల పుణ్యమే. తెలిసిన రోజే బస్సెక్కాను. గేటు బయట పచ్చ చొక్కాల కోసం వరసలో నిలబడ్డారు, అరవై మంది దాకా. వరస మధ్యలో యాదగిరి ఉన్నాడు. నన్ను చూసి చెప్పులు చూసుకున్నాడు.

డాక్టర్ నాగవేణి కిందికి వచ్చి గేటు దగ్గరే మాట్లాడింది.

"అయిదు చుక్కలు," అన్నాను. "నాకేం ఇయ్యొద్దు మేడం. ఒక్కసారి ఏసి పంపుండ్రి. ఇంటికి పోయి మనిషిని చూసుకుంట, గంతే."

"మీ పేరు జాబితాలో ఉంది. వేస్తే మొత్తం ప్రయోగం చెల్లదంటారు."

"అబద్ధమాడినందుకా?"

"కాదు. అబద్ధమాడానని ఒప్పుకున్నందుకు." ఆవిడ ముఖం ఎర్రబడింది. "ఆరు నెలలకోసారి స్కాను తీయిస్తాను. నా పూచీ."

"ఆరు నెలలల్ల గడ్డ ఎంతయితది మేడం?"

లోపలి నుంచి ఎవరో పిలిచారు, ఆవిడ వెళ్లింది.

నేను వరస దగ్గరికి వెళ్లాను. "వాసనొస్తే చెప్పుండ్రి," అన్నాను. "ఏమొచ్చినా చెప్పుండ్రి. నా ఇంట్ల మనిషి బతికింది." అందరూ నన్ను పైనుంచి కిందికి చూశారు. చేతిలో కొత్త సంచి ఉన్న ఒకడు పక్కకు తిరిగి, "ఈయనెవరన్నా?" అని యాదగిరిని అడిగాడు. యాదగిరి నావైపు చూడకుండానే చెప్పాడు. నా సగం చెవులకు వినిపించలేదు. పెదాలు కదిలిన తీరు చూస్తే ఒక్క మాటే. గాలం.

ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నాను. కళావతి మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుంది, వద్దన్నా వినదు. దండెం మీద ఆరేసిన ఆమె చీర తీసి రోజూ ముక్కు దగ్గర పెట్టుకుంటాను. సబ్బు, ఎండ, తంబాకు. పాత నేతగాడి ముక్కుకు తెలిసేవి అవే.

అందుకని అడుగుతాను. పొద్దున ఒకసారి, అన్నాలయ్యాక ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి.

ఇవాళ మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె పళ్లెం కడిగి బోర్లించి, గడపలో కూర్చుని ఆకు అందుకుంది.

"ఏమన్న తేడగున్నదా?"

"ఏం లేదయ్యా," అంది తలెత్తకుండా.

నేను లేచి పెరటి గోడ దాకా నడిచాను. గోడ అవతల సత్తెమ్మ బర్రె నా వైపు చూస్తూ ఏదో నములుతోంది.